పెదవి మానకపోతే మందు మార్చడమేనా?

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మాస్టారు లేచాడంటే చదువుల గురించో, స్కాలర్‌షిప్పుల గురించో మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ ఏడు మాత్రం పెదవి గురించి నాలుగు ముక్కలు మనవి చేయదలచాను. నవ్వకండి. ముప్పై ఏళ్లకు పైగా ఈ పెదవులతో పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. అవి నన్ను ఎంత అవస్థ పెట్టాయో, ఆ సందట్లో నా చేతులమీదుగా ఎంత పొరపాటు జరిగిందో మీ ముందు చెప్పుకోవడం నా విధి అనుకుంటున్నాను.

2016 చలికాలంలో నా కింది పెదవి పొరలు పొరలుగా లేవడం మొదలైంది. పొర పీకితే రక్తం, పచ్చడి తగిలితే మంట. చలికి అందరికీ వచ్చేదే గదా అని వెన్న రాశాను, నెయ్యి రాశాను, గ్లిజరిన్ రాశాను. ఎండాకాలం వచ్చినా తగ్గలేదు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. నాలుగు రోజుల్లో పెదవి నున్నగా అయిపోయింది! ఆపిన వారానికి మళ్లీ మొదలు. మళ్లీ ట్యూబు, మళ్లీ మొదలు. చివరకు మూతి చుట్టూ ఎర్రటి పొక్కులు కూడా లేచాయి.

పెళ్లిళ్లకు వెళ్లడం మానుకున్నాను. క్లాసులో కర్చీఫు అడ్డం పెట్టుకొని పాఠం చెప్పేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు, "దగ్గరికి పోకురా, సార్‌ది అంటుకుంటుంది" అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. వాడి తప్పేముంది? నాకే తెలియనిది వాడికేం తెలుస్తుంది?

మా ఇంటావిడ పోరు పడలేక చివరికి ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆమె కాగితం తీయలేదు. "మాస్టారూ, మందు తర్వాత రాస్తాను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా మీ పెదవికి ఏమేమి తగులుతాయో చెప్పండి" అంది. పళ్లు దేనితో తోముతారు? పెదవి నాకుతారా, కొరుకుతారా? మామిడికాయ కొరికి తింటారా? ఏ మాత్రలు వాడుతున్నారు? ఇలా అరగంట అడిగింది. నా వాడిన ట్యూబు చూసి, "ఇది స్టెరాయిడు. ఎరుపును అణచిపెడుతుంది గాని కారణాన్ని తీసెయ్యదు. ఎక్కువ కాలం రాస్తే చర్మం పలచబడుతుంది, ఈ పొక్కులూ దీనివల్లే" అని చెప్పింది. ఇటువంటి పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన కూడా తెచ్చింది. అయినా మనం అడగడం మానలేదు.

తర్వాత నా వీపుమీద చిన్న చిన్న పట్టీలు అంటించి పరీక్ష చేశారు. రెండు రోజులకు పట్టీలు తీసి చూశారు, మరో రెండు రోజులకు మళ్లీ చూశారు. తేలిందేమిటంటే, దాల్చినచెక్క వాసన నాకు పడదు! నా టూత్‌పేస్టులో ఉన్నది అదే. రోజుకు రెండుసార్లు నేనే నా పెదవికి దాన్ని పూస్తున్నాను. దానికి తోడు, పాఠం చెబుతూ పెదవి నాకే అలవాటు. ఉమ్మి ఆరిపోతూ ఉన్న తడిని కూడా పట్టుకుపోతుంది. పెదవికి చెమటగ్రంథులు లేవు, పై చర్మం చాలా పలచన. అందుకే తొందరగా ఎండిపోతుంది.

పేస్టు మార్చాను, నాకడం మానాను, రోజుకు నాలుగైదుసార్లు వాసన లేని వ్యాజిలైన్ రాశాను. కొన్నాళ్లు బిర్యానీలో దాల్చినచెక్క కూడా వద్దంటే, అది బిర్యానీ ఎట్లా అవుతుందని మా ఇంటావిడ వాదించింది గాని, చివరికి ఒప్పుకుంది. రెండు నెలల్లో పెదవి పెదవైంది.

నా కారణమే అందరి కారణం అనుకోకండి. ఒకరికి లిప్‌స్టిక్ పడదు, ఒకరికి మామిడి జీడి పడదు. నోటి మూలలు పగిలితే రక్తహీనత కావచ్చు, బి విటమిన్ల లోపం కావచ్చు, షుగరు కావచ్చు, సరిగ్గా అమరని కట్టుడు పళ్లు కావచ్చు. ఏదో మాత్ర వేసుకున్నప్పుడల్లా ఒకేచోట మండి నల్లమచ్చ పడుతుంటే, ఆ మాత్రే పడటం లేదేమో డాక్టరును అడగాలి. పెదవిమీద తెల్లమచ్చ బొల్లి అయితే అది అంటువ్యాధి కాదు. దాని పేరు చెప్పి ఆడపిల్ల సంబంధం చెడగొట్టడం అన్యాయం.

ఇక అసలు సంగతి. నేను ట్యూబు రాసుకునే రోజుల్లో మా మామూ మా ఇంటికి వచ్చారు. నలభై ఏళ్లు ఎండలో తాపీపని చేసిన మనిషి. చుట్ట నోట్లోంచి దిగేది కాదు. ఆయన కింది పెదవిమీద తెల్లగా, గరుగ్గా ఒక మచ్చ, దాని మధ్య చిన్న పుండు. "బేటా, నీ మందు నాకూ కాస్త ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. చదువుకున్నవాణ్ణి, ట్యూబు సగం వాడినది ఆయన చేతిలో పెట్టి పుణ్యం చేశాననుకున్నాను.

ఆరు నెలలు రాశారాయన. నా వైద్యం జరుగుతుండగా డాక్టరమ్మగారు, "రెండు మూడు వారాల్లో మానని పుండును వదిలెయ్యకూడదు. ఎండలో పనిచేసేవాళ్లకూ, పొగాకు వాడేవాళ్లకూ మరీను" అన్నప్పుడు నా గుండె గుభేలుమంది. మర్నాడే ఆయన్ని తీసుకెళ్లాను. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని వచ్చింది. ఆపరేషన్ చేసి పెదవిలో కొంత భాగం, మెడలో గడ్డలు తీసేశారు.

ఆ ట్యూబువల్ల క్యాన్సర్ రాలేదని డాక్టర్లు చెప్పారు. నిజమే. కాని ఆ ఆరు నెలలు నేనిచ్చిన ట్యూబే తిన్నది గదా! దేవుని దయవల్ల మామూ మన మధ్య ఉన్నారు. టీ తాగితే ఒక పక్కనుంచి కారిపోతుంది, తుండుగుడ్డతో తుడుచుకుంటారు. ఈరోజువరకు నన్ను ఒక్క మాట అనలేదు. ఈ ప్రసంగానికి ముందు అనుమతి అడిగితే, "చెప్పు బేటా, ఇంకొకడైనా ముందుగా వెళతాడు" అన్నారు.

కాబట్టి నా మనవి మూడే. ఒకరి పూతమందు ఇంకొకరికి ఇవ్వకండి. మందుతో తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చే జబ్బుకు ఇంకా గట్టి మందు అడక్కండి, కారణం అడగండి. మూడు వారాలు దాటిన పుండునుగాని, గట్టిపడిన మచ్చనుగాని కర్చీఫు వెనకా, బురఖా వెనకా దాచకండి.

కార్యవర్గానికి ఒక విన్నపం. మన ఉచిత వైద్యశిబిరంలో బి.పి., షుగరు చూస్తున్నాం, సంతోషం. వచ్చే ఏడు నోరు, పెదవులు చూసే డాక్టరును కూడా పిలిపించండి. ఆడవాళ్లకు వేరే గది, వీలైతే లేడీ డాక్టరు ఏర్పాటు చేయండి. మొదటి కుర్చీలో నేను కూర్చుంటాను.