నాగోబా సన్నిధిలో మూడు రాత్రులు

(బీదరు గాంధీ గంజ్‌లో జరిగిన ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పిల్లలతో కలిసి వెళ్లదగిన విహారయాత్రను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. గడచిన పుష్యమాసములో మన గంజ్‌కు చెందిన నాలుగు కుటుంబాలవారము గుడారాలు, కంబళ్లు, వంటసామాను వేసుకొని ఆదిలాబాదు కొండలకు వెళ్లి, గోండుల నాగోబా జాతర చూచి వచ్చాము. అక్కడ మాకు దొరికినది వినోదము మాత్రమే కాదు. పరాయి రాష్ట్రములో తెలుగును నిలుపుకొనవలసిన మనకు పనికివచ్చే విషయము ఒకటి కనిపించింది. దానిని మనవి చేయడమే నా ఉద్దేశము.

ఆ సీమ మనకు కొత్తది కాదు. 1956 నవంబరు 1 వరకు బీదరు, ఆదిలాబాదు రెండూ హైదరాబాదు రాష్ట్రములోని జిల్లాలే. మన జిల్లాలో పారే మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ దిగువన, జన్నారము ప్రాంతములోని హస్తలమడుగులో మెస్రం వంశీయులు నాగోబా అభిషేకానికి నీరు ముంచుకుంటారు. మన మంజీర నీరు కూడా కొంత ఆ దేవునికి చేరుతున్నదన్నమాట.

నిజామాబాదు, నిర్మల్ మీదుగా వెళ్లి గుడిహత్నూరు దగ్గర కుడికి తిరిగితే ఇంద్రవెల్లి వస్తుంది. కేస్లాపూరు ఆ మండలములోనిదే. అడవిలో ఇష్టము వచ్చినచోట గుడారము వేయరాదు. ఊరి పెద్దలను అడిగి, వారు చూపిన ఖాళీ చేనులో దిగాము.

గుడారపు బ్రతుకు మాకు మూడు రోజుల ముచ్చట. మెస్రం వారికి అది వ్రతము. చెప్పులు లేకుండా కాలినడకన గోదావరి నీరు తెచ్చి, కేస్లాపూరు మర్రిచెట్ల క్రింద బస చేస్తారు. వంశములోని 22 శాఖలవారు 22 పొయ్యిల మీద వండుకుంటారు. పూజకు సిరికొండ కుమ్మరులు చేసిన కుండలే కావాలి. పుష్య అమావాస్య అర్ధరాత్రి అభిషేకము జరుగుతుంది. ఆ పిమ్మట తెల్లచీరలు కట్టిన కొత్త కోడండ్రను పెద్దవారైన స్త్రీలు దేవుని ముందుకు తీసుకువచ్చి పరిచయము చేస్తారు. దీనిని భేటింగ్ అంటారు. ఇది జరిగినగాని కోడలికి వంశపు పూజలో పాలు లేదు. పరధానులు కిక్రీ వాయిస్తూ వంశకథ పాడుతారు. ఆ కథ తరతరాలుగా నోటినుంచి నోటికే వస్తున్నది.

రెండవనాడు మా పాప ఒక గోండు బాలునితో గవ్వలు లెక్కపెడుతున్నది. అతడు “ఉండి, రండ్, మూంద్, నాలుంగ్” అన్నాడు. మా పాప పరుగెత్తుకొని వచ్చి, “నాన్నా, ఆ అబ్బాయి మన అంకెలే తప్పుగా పలుకుతున్నాడు” అన్నది. తప్పు కాదు తల్లీ, అది వారి భాష అని చెప్పాను. నీటిని వారు ఏర్ అంటారు. మనము పారే నీటిని ఏరు అంటున్నాము. వారి నార్ అంటే ఊరు. మన నాడు అనే మాటకు అది చుట్టము. తెలుగు, గోండి, కొండ, కువి మొదలైన భాషలు ఒకే శాఖలోనివని భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో వెలువడిన తమ గ్రంథములో నిరూపించారు. కన్నడము, తమిళము ఇంకొక శాఖలోనివి. అంటే, నాగరికత లేనివారని మనలో కొందరు తలచే గోండుల భాష మన తెలుగుకు తోబుట్టువు.

తిరుగు ప్రయాణములో మార్లవాయి చూచాము. జల్, జంగల్, జమీన్ కోసము పోరాడిన కొమరం భీము 1940లో జోడేఘాట్ కొండలలో నేలకొరిగాడు. ఆ తరువాత నిజాం ప్రభుత్వము గోండుల స్థితిగతులు తెలుసుకొనుటకు ఆస్ట్రియా దేశమున పుట్టిన హైమండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుని పంపింది. ఆయన మార్లవాయిలోనే ఉండి, 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము పెట్టించి, గోండి వాచకాలు వ్రాయించాడు. భార్య బెట్టీ సమాధి ఆ ఊరిలోనే ఉన్నది. ఆయన అస్థికలను కూడా 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకొని, 2024లో కన్నుమూసిన కనకరాజుగారిదీ ఈ ఊరే.

ఇక చూడవలసిన తీరు. ఆస్ట్రేలియాలో ఉలూరు అనే మహాశిలను 1985లో అక్కడి ఆదివాసులైన అనంగు జనులకు తిరిగి అప్పగించారు. తమకు పవిత్రమైన ఆ శిలను ఎక్కవద్దని వారు ఎంతోకాలము కోరగా, 2019లో ఎక్కడము నిలిచిపోయింది. ఇంటివారు చెప్పినట్లు అతిథి నడుచుకోవాలి. మనమూ అంతే. అడగనిదే ఫోటో తీయరాదు. పూజాస్థలములో వద్దన్నచోటికి పోరాదు. ఉషేగాము వోజులు మైనపు తీగలతో బొమ్మ చుట్టి, మట్టి పూసి, కరిగిన ఇత్తడి పోసి డోక్రా బొమ్మలు చేస్తారు. బిద్రీ పనివాని కష్టము ఎరిగిన మనము అక్కడ గంజ్ బేరము ఆడరాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి ఉంచాను. మన పిల్లలు బడిలో కన్నడము, బజారులో ఉర్దూ, మరాఠీ మాట్లాడుతారు. తెలుగు ఇంటిలో మిగిలింది. గోండు పిల్లవానికి బడిలో తెలుగు, సంతలో తెలుగు, మరాఠీ. గోండి ఇంటిలో మిగిలింది. 2011 జనాభా లెక్కలలో గోండి మాతృభాషగా వ్రాయించినవారు 29 లక్షలకు పైగా ఉన్నారు. అయినా రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో ఆ భాషకు చోటు లేదు. ఇక్కడ మన తెలుగు చిన్నది. అక్కడ అదే తెలుగు పెద్దది. గోండి పిల్లవాని నోటినుంచి గోండిని తోసేది కూడా అదే. మన భాషకు కన్నడ సోదరులనుంచి మనము కోరే మర్యాదను, తెలుగువారముగా మనము గోండికి ఇవ్వవద్దా?

అందుచేత సంఘానికి రెండు ప్రార్థనలు. ఆదివారము గంటసేపు పిల్లలకు తెలుగు చదివించే ఏర్పాటు ఈ ఉగాదినుంచే జరగాలి. వచ్చే ఉగాదికి ఒక పరధాన గాయకుని దారి ఖర్చులు, సంభావన ఇచ్చి మన గంజ్‌కు పిలవాలి. ఆయన గోండిలోనే పాడుతారు. మన పిల్లలు విని, అందులో ఎన్ని తెలుగు మాటలు పట్టుకుంటారో చూద్దాము. మొదటి చందా నేను వ్రాయిస్తున్నాను. సెలవు.