రంగు కింద ఏముంది?

(బాల్కొండలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి. గురించి, మోకాళ్ల గురించి ఇక్కడ నాకంటె తెలిసినవారే అందరూ. అందుచేత అధ్యక్షులవారి అనుమతితో ఒక పడవ మరమ్మతు గురించి చెబుతాను. పడవకూ గుమాస్తాకూ ఏమి సంబంధమని నవ్వకండి. సంబంధం ఒక సంతకం.

మా మనుమరాలు హైదరాబాదులో చదువుకుంటూ, సెలవు రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్, పెద్దలు నడిపే లేజర్ అనే ఆ చిన్న పడవలు ఫైబర్‌గ్లాసువి. మొన్న పండుగకు వచ్చి, "తాతయ్యా, నా పడవ అడుగున బీట పడింది. ఎం-సీల్ మెత్తి రంగు వేస్తే చాలదా?" అని అడిగింది. నాకు గుండె ఝల్లుమన్నది.

1996 సంగతి. నేను పనిచేసిన ఒక కార్యాలయానికి, పేరు చెప్పను, ఒక ఫైబర్ మోటారు బోటు ఉండేది. మన పక్కనే పోచంపాడు దగ్గర 1963 జులై 26న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ జలాశయంలో అది తిరిగేది. వేసవిలో నీరు తగ్గితే మునిగిన ఊళ్ల రాళ్లు పైకి తేలతాయి కదా. అటువంటి రాయి తగిలి బోటు అడుగున జానెడు పగులు వచ్చింది. ఎవరో వచ్చి మరమ్మతు చేశారు. పని సంతృప్తికరంగా జరిగినదని రాయవలసిన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నేను సీటులోంచి లేచి ఒడ్డుకు వెళ్లి చూశాను కూడా. నీలం రంగు నిగనిగలాడుతోంది. సంతకం పెట్టాను.

ఆగస్టులో నిండు నీటి మీద రికార్డులతో ఆవలి గట్టుకు ఆరుగురం బయలుదేరాము. సగం దూరం పోయేసరికి బోటు డ్రైవరు, "సారూ, కాళ్ల కింద నీళ్లు అస్తున్నయ్" అన్నాడు. మెత్తిన ముద్ద అట్ట ఊడినట్టు ఊడిపోయింది. టిఫిను డబ్బాలతో నీళ్లు తోడాము. మా అటెండరుకు ఈత రాదు, ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. అతడు రిజిస్టరు గుండెకు హత్తుకొని నా వైపే చూస్తున్నాడు. తెప్పల మీద వల వేసుకుంటున్న గంగపుత్రులు కేకలు విని వచ్చి మమ్మల్ని గట్టు చేర్చారు. అందరమూ బతికాము. ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు, ఫైలులో కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి మరి.

రెండోసారి మరమ్మతుకు విశాఖపట్నం వైపు పనిచేసి వచ్చిన ఒక మేస్త్రి దొరికాడు. నేను సెలవు పెట్టి అతని పక్కన కూర్చున్నాను. మొదటి మాటే అన్నాడు: "బాబూ, పగులు పొడుగు చూడకండి. దాని చుట్టూ ఎంత మేర చచ్చిందో చూడండి." రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. గట్టిగా ఉన్న చోట టంగుమన్నది. పొరలు విడిపోయిన చోట బొద్దుగా పలికింది. జానెడు పగులు చుట్టూ మూరెడు మేర బొద్దుగా పలికింది.

ఫైబర్‌గ్లాసు అంటే గాజు నారను జిగురులో తడిపి పొరమీద పొర పేర్చినది. పడవ కట్టేటప్పుడు మామూలుగా పాలియెస్టర్ జిగురు వాడతారు. అప్పుడు పొరలు పచ్చిగా ఉండి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకసారి గట్టిపడిన తరువాత చేసే మరమ్మతు మాత్రం అంటుకొని నిలబడవలసిందే. ఆ పట్టు పాలియెస్టర్ కంటె ఎపాక్సీకి ఎక్కువ. మన ఇళ్లలోని అరాల్డైట్, ఎం-సీల్ కూడా ఎపాక్సీ జాతివే. కాని గాజుబట్ట లేని ముద్ద రంధ్రం పూడుస్తుందే తప్ప బలం మోయదు. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. ఇది గుర్తుంచుకోవాలి.

ఇక పని వరుస. ముందు కడిగి, మైనం, జిడ్డు అసిటోన్‌తో తుడవాలి. తుడవకుండా రుద్దితే మైనం లోపలికి దిగుతుంది. తరువాత చచ్చిన భాగమంతా తీసివేసి, రోజుల తరబడి ఆరనివ్వాలి. తడి మీద ఏదీ పట్టదు. ఆ పైన అంచులను ఏటవాలుగా అరగదీయాలి. మందానికి 12 రెట్లు వెడల్పు. 6 మిల్లీమీటర్ల పలకకు ప్రతి వైపూ 72 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బీటకు ఇంత పెద్ద గాయమా అని నేను అడిగితే, "పట్టు అంతా ఈ వాలులోనే ఉంది బాబూ" అన్నాడు.

గాజుబట్ట ముక్కలను ఒకదానికంటె ఒకటి చిన్నవిగా కత్తిరించి, పెద్దది ముందుగా పరచి, ఎపాక్సీతో తడిపి, గాలి బుడగలు పోయేట్టు రోలరుతో అదిమాడు. జిగురు, గట్టిపరచే మందు తయారీదారు చెప్పిన కొలతలోనే కలపాలి. మందు ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, మెత్తగా మిగిలిపోతుంది. మన ఎండలకు లోతు గిన్నెలో కలిపితే తనంత తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. కొంచెం కొంచెం కలిపి, వెడల్పు పళ్లెంలో పోసి, సాయంత్రం చల్లబడే వేళ పని చేయాలి. ఆరినాక పైన జిడ్డు పొర కడుతుంది. దానిని నీటితో కడిగి, గరుకు చేసి, అప్పుడే తరువాతి పూత. చివర రంగు తప్పదు, ఎండకు ఎపాక్సీ చెడుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఈ జిగురు ఒంటికి పడకపోతే జీవితాంతం పడదు.

లోపలి వైపు బలానికి అడ్డపట్టీలు వేసి, వాటి చివరలను కూడా పలచబరిచాడు. బలం ఒక్కసారిగా ఆగిపోయిన చోటే పలక మళ్లీ విరుగుతుందట.

ఈ పొరల పట్టును నమ్మి ఎంత దూరం పోవచ్చునో తెలుసా? మన నౌకాదళపు తెరచాప పడవ తరిణి చెక్క గర్భానికి ఫైబర్‌గ్లాసు తొడుగుతో గోవాలో కట్టినదే. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు దానిలో బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న, 254 రోజులకు గోవా చేరారు. వారిలో మన విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. వారికీ మహాసముద్రానికీ మధ్య ఉన్నది ఆ పలకే.

నేను ఉద్యోగంలో వేల కాగితాల మీద సంతకాలు చేశాను. ఈ ఒక్కటే నిద్రలో కనిపిస్తుంది. చూడకుండా చేసిన సంతకం కాదది, చూసి చేసిన సంతకం. రంగును చూశాను, పడవను చూడలేదు.

మనుమరాలికి ఇదంతా చెప్పాను. వాళ్లు బీట చుట్టూ అరగదీసి, ఆరబెట్టి, ఎపాక్సీతో పొరలు వేశారు. రంగు వేసేముందు ఆ పిల్ల నాకు ఫోను చేసి, దానిని పడవ దగ్గర పెట్టి రూపాయి బిళ్లతో తట్టి వినిపించింది. ఇంకొంచెం ఎడమకు తట్టమన్నాను. తట్టింది. అంతటా టంగుమన్నది. అప్పుడు గాని నేను సరే అనలేదు.