కొండ మీది చెట్టు, కొండ కింది వాగు
(పంజాగుట్టలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారి జీవిత విశేషాలు ఆహ్వానపత్రికలో అచ్చయ్యాయి కనుక నేను మళ్లీ చదవను. నన్ను వర్షమాపకం ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టిన మనిషి ఆయన. కొలపాత్రను కంటికి సమానమైన ఎత్తులో పట్టుకుని చూడమనేవారు. గాజు అంచున నీరు పైకి పాకినట్టు కనబడినా నడిమి పల్లమే అసలు మట్టమనీ, సాయంత్రం గుర్తు చేసుకుని రాసింది కొలత కిందకు రాదనీ గట్టిగా చెప్పేవారు. చెట్ల విషయంలో మాత్రం ఆయనకూ నాకూ చివరిదాకా కుదరలేదు. ఆ వాదనను ఇవాళ ఇక్కడ పూర్తిగా వినిపిస్తాను. ఆయనకు నేను చేయగల మర్యాద ఇదే.

రుతుపవనం కొండకు తగిలి పైకి లేవడం, చల్లబడడం, కురవడం, నేల కొంత తాగడం, ఆకు కొంత ఆవిరి చేయడం, మిగిలింది వాగు కావడం ఈ సభకు కొత్త కాదు. నా తగాదా ఒక్క మాటతోనే. ‘కొండ మీద చెట్లు పెంచితే వాగు పారుతుంది’ అంటాం. మొక్కలు నాటే ఎన్నో పథకాలు ఆ మాట మీదే నడుస్తున్నాయి. మాస్టారూ అదే నమ్మారు.

ఈ నమ్మకం పాతది. చెట్లు వానను రప్పిస్తాయని మద్రాసులో ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే సైనిక వైద్యుడు 1849లోనే రాశాడు. సాత్పురా కొండల్లో 1875 తరువాత పోడును ఆపి అడవిని కాపాడారు గనుక వాన పెరిగిందని వాతావరణ శాఖ అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ 1887లో వాదించాడు. అదే శాఖ నుంచి గిల్బర్ట్ వాకర్ 1910లో దేశంలోని వర్షపాత లెక్కలన్నీ తిరగేసి, అడవుల వల్ల మన వాతావరణం మారిందనడానికి ఆధారం లేదని తేల్చాడు. వాకర్ తీర్పు దస్త్రాల్లోనే ఉండిపోయింది. బ్లాన్‌ఫోర్డ్ వాదం మాత్రం పోడు చేసే గిరిజనుణ్ణి ముద్దాయిగా నిలబెట్టడానికి తరతరాలుగా పనికొస్తూనే ఉంది. నాకు బాధ అక్కడ.

వాగు సంగతి వాగు దగ్గరే కొలవాలి. అమెరికాలో కొలరాడో కొండల్లోని వ్యాగన్ వీల్ గ్యాప్‌లో 1910 నుంచి 1926 దాకా రెండు పక్కపక్క లోయల్ని కొలిచి చూశారు. ఒక లోయలో చెట్లు కొట్టాక అక్కడ ప్రవాహం పెరిగింది. బాష్, హ్యూలెట్ 1982లో ఇలాంటి 94 ప్రయోగాలను ఒకచోట పెట్టి చూస్తే మొగ్గు అటే ఉంది. అంత దూరం వద్దనుకుంటే నీలగిరులకు రండి. ఊటీ దగ్గర గ్లెన్‌మార్గన్‌లో పచ్చిక లోయలో 59 శాతం మేర నీలగిరి చెట్లు నాటారు. తొలి పదేళ్లలో లోయ నుంచి వచ్చే నీరు 16 శాతం తగ్గింది. కొట్టాక మోళ్ల నుంచి మళ్లీ చిగురించిన తోట ఇంకా ఎక్కువ తాగింది.

‘అది వాన ఎక్కువ కురిసే చోటు, మన మెట్ట కొండలకు వర్తించదు’ అనేది మాస్టారి మొదటి అభ్యంతరం. మెట్ట కొండలకే మరింత వర్తిస్తుందని నా జవాబు. ఫార్లీ, జాక్సన్, జోబాజీ 2005లో ప్రపంచమంతటి ప్రయోగాలను కూర్చి ఇదే చూపించారు. వానలో పదో వంతు కూడా వాగుగా మారని చోట గడ్డి నేలను తోటగా మారిస్తే, ఆ వాగు పూర్తిగా ఎండిపోయే ప్రమాదం ఉంది. మిల్లీమీటర్లలో నష్టం చిన్నదే. ఉన్నదే కొంచెమైనప్పుడు ఆ చిన్నదే సర్వస్వం. హైదరాబాదు చుట్టుపక్కల ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. ఎండకూ గాలికీ ఇక్కడ ఆవిరి చేసే శక్తి దానికి రెట్టింపు ఉంది. వేరు లోతుగా దిగితే ఆ దాహం నేల లోపలికీ చేరుతుంది.

రెండో అభ్యంతరం బలమైనది. అడవులు పోతే రుతుపవనమే బలహీనపడుతుందని ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2016లో చూపించారు. ఒప్పుకుంటాను. అది ఉపఖండం లెక్క. ఒక కొండ మీది ఆకులు విడిచిన ఆవిరి గాలివాటుకు ఎంతో దూరం పోయి కురుస్తుంది. ఆ కొండ కింది పల్లె తన ఊటను ఆ లెక్క మీద వదులుకోలేదు.

మూడోది స్పాంజి వాదం. అడవి నేల నీటిని పట్టి ఉంచి ఎండాకాలంలో వదులుతుందంటారు. ఇందులో నిజం ఉంది, ఆ నిజం నేలది. జగదీశ్ కృష్ణస్వామి బృందం పడమటి కనుమల్లో 2013లో చూపిందీ ఇదే. సహజారణ్యం నేల నీటిని లోపలికి దింపినంత బాగా పాడుబడ్డ అడవి గానీ అకేసియా తోట గానీ దింపలేదు. ఇల్‌స్టెట్ బృందం 2016లో ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో కొలిస్తే, చెట్లు ఒక మోస్తరుగా ఉన్నచోటే భూగర్భంలోకి ఎక్కువ నీరు ఇంకింది. మరీ పలచబడితే నేల గట్టిపడుతుంది, మరీ దట్టమైతే వేళ్లే తాగేస్తాయి. పాత అడవిని ముట్టవద్దనే నేనూ అంటాను. మోడైన కొండ మీద ఒకే జాతి మొక్కల్ని వరసలుగా నాటి, లక్షల్లో లెక్క చెప్పి, దానికి నీటి పథకమని పేరు పెట్టడం తప్పు అంటున్నాను.

చెట్టు తాగినా, బావి తాగినా ఎగువన ఆగిన నీరు దిగువకు రాదు. మన నగరం చరిత్రే చూడండి. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టే మూసీయే ఉస్మాన్‌సాగర్‌కు ఆధారం. హిమాయత్‌సాగర్‌కు వచ్చే నీరు వాన పెద్దగా తగ్గకుండానే తగ్గిందని రాజేశ్ నూనె, సహచరులు 2014లో చూపించారు. బోర్లూ, ఎగువన వెలసిన ఇంకుడు కట్టడాలూ దానికి కారణాలు. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో ఇక్రిశాట్ 1999 నుంచి చేసిన వాటర్‌షెడ్ పనుల వల్ల ఊరి బావుల్లో నీరు పెరిగింది, దిగువకు పారేది తగ్గింది. ఎగువ రైతు బాగుపడడం నాకు సంతోషమే. కానీ ఒకే నీటిని ఇద్దరి ఖాతాలో రాయకూడదు.

నేల గురించి చెప్పిన పాఠం ఈ హాలు బయట కూడా కనబడుతుంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ రెండూ గ్రానైటు గుట్టలు. ఇవాళ రోడ్ల పక్కన, బంగళాల్లో చెట్లకు కొదవ లేదు. అయినా గట్టి వాన పడితే నీళ్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ మీదుగా దిగి అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలుస్తాయి. బంజారాహిల్స్ నుంచి వచ్చేవి పంజాగుట్ట నాలా పట్టి హుస్సేన్‌సాగర్ చేరతాయి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 241.5 మిల్లీమీటర్లు నమోదైనప్పుడు ఇదెలా ఉంటుందో ఈ ప్రాంతమంతా చూసింది. తాగవలసిన నేలను సిమెంటుతో మూసేస్తే పైన ఎంత పచ్చదనం ఉన్నా ఉపయోగం లేదు.

ఇక మేం మొదలుపెట్టిన పని గురించి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ ఒక అనంతగిరి ఉంది. గోస్తని అక్కడే పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖకు ఆ నీరు కావాలి. ఆ కొండల మీద సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెరిగింది. గిరిజనుడికి ఆదాయం వచ్చింది, అది నిలవాలి. పోడు బీడు, కాఫీ తోట, పాత అడవి, ఈ మూడింటి కింద ఊటలూ, అక్కడివారు గెడ్డలనే వాగులూ ఏప్రిల్, మే నెలల్లో ఎంత పారుతున్నాయో కొలవాలని మా సంకల్పం. పరికరం చాలా మామూలుది. గెడ్డకు అడ్డంగా ఒక రేకు, రేకులో తొంభై డిగ్రీల కోత, పక్కన స్కేలు. కోతలో నీరు పది సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 4.4 లీటర్లు. ఐదు సెంటీమీటర్లకు పడితే ముప్పావు లీటరే. ఎత్తు సగమైతే నీరు ఐదో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అందుకే ‘గెడ్డ కొంచెం తగ్గింది’ అనే మాటతో నేను సరిపెట్టుకోలేను. ఊరి పిల్లలు రోజూ చదివి రాయగలిగిన కొలత ఇది.

ఈ హాలుకు దగ్గర్లోనే ఎర్రమంజిల్‌లో జలసౌధ ఉంది. అక్కడి ఇంజనీర్లనూ, అటవీశాఖ వారినీ చేతులు జోడించి ఒకటే కోరుతున్నాను. ఏ కొండ మీదైనా మొక్క నాటే ముందు దాని కింది వాగులో ఒక రేకు పాతండి. రెండు వేసవులు కొలవండి. ఆ తరువాతే గుంత తవ్వండి.