వీధిలోని మురుగు – పెరటిలోని కూర

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో తరచుగా వినవచ్చు ఫిర్యాదులలో మురుగునీటిది ఒకటి. "పై ఇంటివారి నీరు మా వాకిట నిలుచుచున్న"దని ఒకరందురు. "కాలువ లేనప్పుడు మేమేమి చేయగల"మని మరియొకరందురు. మనము కాలువకై తీర్మానము చేసి, నిధులకై వేచియుందుము. ఈలోపల ఆ రెండిండ్లవారును సంతకు పోయి తోటకూర కట్టలు కొని తెచ్చుకొనుచుందురు. ఈ రెండు విషయములకును సంబంధము గలదని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మొదట మా యింటి తప్పు చెప్పుకొందును. నా బాల్యమున మా స్నానముల నీరు గోడ క్రింది తూము గుండా ఎదురింటివారి వాకిటిలోనికి పోవుచుండెడిది. ఆ యింటి అవ్వ దానిపై బూడిద చల్లి ఊడ్చుకొనెడిదే గాని, మమ్మెన్నడును ఒక మాట అనలేదు. ఒక వర్షాకాలమున ఆమె ఆ బురదలోనే కాలుజారి పడెను. తుంటి యెముక విరిగి మరల లేవలేదు. మా తల్లిగారు మరునాడే తూము మూయించి, నీటిని పెరటివైపు మళ్ళించి, రెండు అరటి పిలకలు నాటించిరి. తొలి గెల దిగిననాడు సగము పండ్లు ఆ యింటికి పంపిరి. "ఈ పని యేడాది ముందు చేయవలసినది" అని ఆమె కడవరకు అనుచుండెడివారు.

ఆ నీరు ఎంతయో లెక్కింపుడు. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల చొప్పున నీరందించుటను లక్ష్యముగా పెట్టుకొనినది. అనగా ఐదుగురున్న యింటికి 275 లీటర్లు. అందులో చాల భాగము వాడిన నీరై బయటికే వచ్చును. అది నిలిచినచో మన వేడి దేశమున వారము పది దినములలో దోమల పంట పండును. బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్సు దోమ మురికినీటిలోనే పెరుగును. అదే నీరు పాదులోనికి పోయినచో కూరయగును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెను. మన పళ్ళెములలో అంత కూర ఉన్నదా? పిల్లలకు రేచీకటి రాకుండ కాపాడు శక్తి మునగాకులోను, తోటకూరలోను గలదు. ఇవి రెండును మన పెరటిలో సులభముగా పెరుగునవే.

నీటిని వాడుటలో ఒక క్రమము పాటింపవలెను. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ఆకుకూరలకు పోయవచ్చును. స్నానముల నీరు, అంట్ల నీరు కంకర నింపిన చిన్న గుంట గుండా అరటికి, చేమకు, కొబ్బరికి పోవలెను. బట్టలుతికిన సబ్బునీరు మెట్టతామరకు విడువవలెను. పచ్చిగా తిను కొత్తిమీర వంటి వాటికి మురికినీరు తగులరాదు. మరుగుదొడ్డి నీటిని ఇందులో కలుపనే కూడదు. గుంట త్రాగునీటి బావికి దూరముగా నుండవలెను.

రెండు సెంట్ల చోటున్నచో ఏడాది పొడవునను ఏదో ఒక కూర చేతికి వచ్చును. తొలకరిలో బెండ, గోరుచిక్కుడు విత్తి, బీర, సొర, కాకర పాదులు పెట్టవలెను. అప్పుడే వంగ, మిరప నారు పోయవలెను. శ్రావణమున కంచె వెంట విత్తిన చిక్కుడు చలికాలమున కాయును. కార్తికమున పాలకూర, మెంతి, ముల్లంగి, వేసవిలో తోటకూర, బచ్చలి, గంగవాయిలి వేసికొనవచ్చును. పురుగు కనిపించినచో 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను.

పూలమొక్కలు విలాసమని తలపవలదు. సొర, బీర, గుమ్మడి పాదులలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. కీటకములు పుప్పొడిని చేర్చినగాని పిందె నిలువదు. పూలున్న పెరటికి తేనెటీగలు వచ్చును. బంతి వేళ్ళు నేలలోని నులిపురుగులను తగ్గించును గనుక వంగ మళ్ళ నడుమ బంతి నాటుట మేలు. మల్లెకు పుష్యమాసమున కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, పిదప ఎరువు, నీరు ఇచ్చినచో ఫాల్గుణము నుండి పూయును. ఇంటి ఆడపడుచుల తలలో పూలకు సంత చూడనక్కర లేదు.

ఇక పంచాయతీ చేయవలసిన పనులు కొన్ని గలవు. ఊరి మేకలు ఒక్క పూటలో మేసిపోయినచో ఎవరును రెండవమారు విత్తరు. కావున బందెల దొడ్డి పనిచేయునట్లు చూడవలెను. బీర, సొర, చిక్కుడు నాటు రకములలో ముదిరిన కాయలను విత్తనమునకు విడిచి, తొలకరికి ముందు ఒకనాడు పంచాయతీ కార్యాలయము వద్ద ఇరుగుపొరుగులు మార్చుకొనునట్లు ఏర్పాటు చేయవలెను. పెరడు లేని పేదల యిండ్లను మరువరాదు. వారు పాత కుండలలో, బస్తాలలో ఆకుకూరలు పెంచవచ్చును. సొరపాదును పైకప్పుమీదికి ప్రాకింపవచ్చును. వీధి కుళాయి క్రింద పారు నీటితో ఆ వాడవారికి ఉమ్మడి మడి ఒకటి ఏర్పరచుట పంచాయతీకి భారము కాదు.

అన్నిటికంటె ముందు ఒక మాట. రేపు ఉదయము మీ యింటి నీరు ఎచటికి పోవుచున్నదో దాని వెంట నడచి చూడుడు. అది పొరుగువారి గడప చేరుచున్నచో, కాలువ తీర్మానమునకు ముందే ఒక అరటి పిలక నాటుడు. సభ్యుని పెరడు పచ్చగా నున్నప్పుడే సభ్యుని మాట వీధిలో చెల్లును.