కాడి కింది మెడ

ఒక పశువైద్యుని స్మారకంగా జరుగుతున్న సభ ఇది. అందుకే బండి గురించి కన్నా బండి లాగిన ఎద్దు గురించే ఎక్కువ మాట్లాడతాను. మన రవాణా చరిత్రలో రోడ్లున్నాయి, కాలువలున్నాయి, 1856లో మద్రాసులోని రాయపురం నుంచి కదిలిన రైలుంది. ఎద్దు మెడ మాత్రం కనిపించదు.

కంకర రోడ్లు పడకముందు దక్కన్‌లో ఉప్పు, ధాన్యం లంబాడీల ఎద్దుల వీపుల మీద సాగేవి. రోడ్లు పడ్డాక ఆ బరువు బండికెక్కింది. రైలొచ్చినా ఎద్దుకు సెలవు దొరకలేదు. స్టేషను దాకా సరుకు చేర్చింది అదే.

రెండు చక్రాల బండికి అసలు విద్య బరువు సర్దడంలో ఉంది. బస్తాలు ముందుకు జరిగితే కాడి మెడను అణుస్తుంది. వెనక్కి జరిగితే నొగ పైకి లేచి పట్టెడ గొంతుకు బిగుస్తుంది. తెలిసినవాడు ఎత్తు ఎక్కేటప్పుడు నొగ మీదికి జరిగి కూర్చునేవాడు, దిగుడులో వెనక్కి జరిగేవాడు. దాపటెద్దు, వెలపటెద్దు జోడు కుదరకపోతే కాడి ఒక పక్కకు వాలి ఒకదాని మెడ ఒరుసుకుపోయేది. ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన పెట్టకపోయినా ఆ శ్రమంతా మెడకే చేరేది. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనుక కాలికి రెండేసి చొప్పున ఎనిమిది నాడాలు కొట్టాలి. కింద పడేసి, కాళ్లు కట్టి కొట్టేవారు. ఇంత తెలిసిన సమాజం మెడకు పుండుపడటాన్ని మామూలు సంగతిగా తీసుకోవడం నన్ను బాధిస్తుంది. పేదరికం దానికి కొంత కారణమేగానీ పూర్తి సమాధానం కాదు.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. దాని కింద 1965లో చేసిన నియమాల ప్రకారం బండికి కట్టిన పశువుతో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టనే కూడదు. మన వేసవిని తలచుకుంటే ఈ చివరి నియమం విలువ తెలుస్తుంది. బెంగళూరు ఐఐఎం సంచాలకులుగా పనిచేసిన ఎన్.ఎస్. రామస్వామి మెడను కోయని కాడి కోసం, తేలికైన బండి కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మేనేజ్‌మెంటు చదువు ఎద్దు దగ్గరికి వెళ్లిన అరుదైన సందర్భమది. అప్పటికే పల్లెల్లోకి ట్రాక్టర్లు దిగుతున్నాయి. మనకు దయ ఆలస్యంగా కలిగింది.

ఇదంతా గడిచిన కథ అనుకోకండి. మహారాష్ట్రలో చక్కెర మిల్లులకు చెరకు తోలే ఎడ్లబండ్లు ఇంకా ఉన్నాయి. పశువైద్యం చదివే విద్యార్థులకు నా విన్నపం రెండు మాటలే. బండి కనబడితే ముందు ఎద్దు మెడ చూడండి. మీ ఊళ్లో బండి తోలిన వృద్ధులుంటే, బరువు ఎలా సర్దేవారో, పుండుకు ఏం రాసేవారో వారి మాటల్లోనే రాసిపెట్టండి.