రంగు వేసేముందు గోడను చూడండి



ఇంజనీరింగ్ పట్టాల పండుగకు ముఖ్య అతిథిగా వచ్చినవాళ్లు పెద్ద కలలు కనమని చెప్పి దిగిపోవడం ఆనవాయితీ. నేను పాత ఇళ్ల గురించి మాట్లాడతాను. కారణం ఉంది. ఉద్యోగం వచ్చి నాలుగు డబ్బులు చేతిలో పడగానే మన పల్నాటి పిల్లలు చేసే మొదటి పని ఊళ్లో ఇల్లు బాగు చేయించడం. గోడలకు పుట్టీ, గచ్చు మీద టైల్సు, పైన ఫాల్స్ సీలింగ్, అమ్మానాన్నల గదికి ఏసీ. ప్రేమతో చేసే పనే. కానీ పాత ఇల్లు తన జబ్బును దాచుకోదు. బీట కనిపిస్తుంది, చెమ్మ కనిపిస్తుంది, పెచ్చు ఊడి చువ్వ బయటపడుతుంది. వాటికి వైద్యం చేయకుండా పైన అందం పూస్తే రోగం లోపల, నవ్వు బయట. అందుకే పాత ఇంటికన్నా కొత్తగా ముస్తాబైన పాత ఇంటిని చూస్తేనే నాకు భయం.

మన నరసరావుపేట వయసు రెండు వందల ఏళ్లు దాటింది. చుట్టుపక్కల పల్లెల్లో రాయీ మట్టీ కలిపి పేర్చిన గోడలు, దూలాలు, వాసాలు, వాటి మీద మట్టి మిద్దె ఇంకా నిలిచే ఉన్నాయి. అలాంటి గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. ఆరగలగడమే దాని ఆయుష్షు. దానికి దళసరిగా సిమెంటు పూసేస్తే లోపలికి చేరిన తడికి బయటికి దారి ఉండదు. మట్టి నాని బలం కోల్పోతుంది, దూలం చివర గోడలోనే చీకిపోతుంది. ఈ గోడలకు నప్పేది సున్నం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు మోసిన ఊరు. ఇంత దగ్గర దొరికేదాన్ని మనం పాతకాలపు సరుకని పక్కన పెట్టాం.

స్లాబు ఇళ్లది మరో కథ. లోపలి చువ్వ తుప్పు పడితే రెండు మూడు రెట్లకు పైగా ఉబ్బి, పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. ఆ పెచ్చుల మీద మేస్త్రీ చేత మాలు కొట్టించి మూసేస్తే తుప్పు ఆగదు. పైగా స్లాబు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాని పక్కన ఇంకో గది, ఆపైన ఇంకో అంతస్తు! పునాదిని ఎవరూ అడగరు. 2025 మార్చిలో భద్రాచలంలో కడుతూ ఉన్న భవనం కూలి కార్మికులు చనిపోయారు. పాత కట్టడం మీదే అంతస్తులు లేపారని అప్పుడు వార్తలొచ్చాయి.

మన కింద ఉన్నది నల్లరేగడి. తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు కనిపిస్తే అది పూత పగులో, పునాది కదలికో తేల్చాలి. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క అతికించి తేదీ రాసి పెట్టండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం.

ఎలక్ట్రికల్ వాళ్లకు ఒక మాట. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలూ పైన కాపురమూ ఉన్న పాత ఇంట్లో మంటలు లేచి 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. విద్యుత్ లోపమే కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. దిగడానికి ఉన్నది ఒకే ఇరుకు మెట్ల దారి. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బుల కోసం వేసిన తీగ మీద ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి ఎక్కిస్తున్న ఇళ్లు మన ఊళ్లో బరంపేటలో లేవా, అరండల్‌పేటలో లేవా? ఎంసీబీ కాపాడేది తీగను. మనిషిని కాపాడాలంటే 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి, ఎర్తింగ్ పనిచేస్తూ ఉండాలి. కిటికీలన్నిటికీ గ్రిల్స్ బిగించేముందు, మంట లేస్తే ముసలివాళ్లు ఎటునుంచి బయటికి వస్తారో అడగండి.

పని జరిగేటప్పుడూ ప్రమాదముంది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందటి రంగును పొడిగా గీకిస్తే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా, తడిపి దించాలి.

ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే. లేనిది ఒకటుంది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ఇంటాయన ముందు నిలబడి, "బాబాయ్, ఈ గోడ తీయకూడదు, దీని మీదే పైకప్పు ఆనుకుంది" అని చెప్పగల ధైర్యం. ఆయనకు కోపం వస్తుంది. పక్క వీధి మేస్త్రీ సరేనన్నాడని అంటాడు. అప్పుడూ మాట మార్చకండి. తెలియనిచోట "పెచ్చు తీసి చూడకుండా చెప్పలేను" అనండి. చూడకుండా బాగుందని సంతకం పెట్టడంకన్నా ఆ మాటే గౌరవం.

ఈ సెలవుల్లో మీ సొంతింటితో మొదలుపెట్టండి. సుత్తితో స్లాబును మెల్లగా తట్టండి, డొల్ల మోత వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. మీటరు నుంచి ప్లగ్గు దాకా తీగ వెంట నడవండి. చూసిందంతా ఒక కాగితం మీద రాసి, వానలు పడకముందే నాన్న చేతికివ్వండి. మొదటి జీతం వచ్చాక టైల్సు కొనేముందు ఆ కాగితంలోని పనులు పూర్తి చేయించండి. మీరు చదివిన చదువుకు మొదటి లబ్ధిదారులు మిమ్మల్ని చదివించినవాళ్లే కావాలి.