కదిరి సోలార్ లెక్క మిద్దెల మీద నుంచి మొదలు కావాలి

(కదిరి ప్రాంత రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కదిరిలో సోలార్ కరెంటు ఎంత తీయొచ్చని ఎవరు లెక్క మొదలుపెట్టినా, ముందు వాళ్ళ కన్ను మన చెనక్కాయ చేల మీద పడుతుంది. ఆ లెక్క టౌనులోని మిద్దెల మీద నుంచి మొదలు కావాలని మేం అడుగుతున్నాం.

ఇదేం పెద్ద చదువు కావాల్సిన లెక్క కాదు. ఒక కిలోవాట్ పలకలకు నీడ పడని వంద చదరపు అడుగుల మిద్దె చాలు. మన ఎండకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, ఏడాదికి 1,450 దాకా వస్తాయి. ఐదు వేల మిద్దెల మీద రెండేసి కిలోవాట్లు పెట్టారనుకోండి. మొత్తం 10 మెగావాట్లు. ఏడాదికి కోటిన్నర యూనిట్లకు దగ్గర. అదే నేల మీద పెడితే మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. అంటే మన తిమ్మమ్మ మర్రిమాను పరుచుకున్నంత జాగా. పది మెగావాట్లకు పది మర్రిమాన్లంత భూమి! మార్కెట్ యార్డు షెడ్లు, బడులు, ఆఫీసులు ఈ లెక్కలో ఇంకా కలపనేలేదు.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంతైనా 78,000 సబ్సిడీ ఉంది. మిగతా డబ్బు పెట్టుకోలేనివాళ్ళు, రేకుల ఇళ్ళవాళ్ళు, బాడుగకు ఉండేవాళ్ళు ఏం కావాలి? సర్కారు కట్టడాల మీద వచ్చే కరెంటులో వాళ్ళకు వాటా ఇవ్వాలి.

మిద్దెలతోనే అంతా తీరదని మాకూ తెలుసు. రాత్రికి గ్రిడ్ కావాలి, బోర్లకు కరెంటు కావాలి. నేల తప్పనిసరైతే పావగడను చూడండి. 2,050 మెగావాట్ల పార్కుకు 13,000 ఎకరాలు తీసుకున్నారు. అమ్మకం లేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టారు. పట్టా రైతు చేతికి డబ్బొచ్చింది. కానీ ఆ చేలలో కూలి చేసుకునేవాళ్ళకు పని పోయింది. కౌలు రైతుకు, గొర్రెల కాపరికి కాగితం ఉండదు, అందుకే లెక్కలో పేరూ ఉండదు. పక్కనున్న నంబులపూలకుంటలో 2016 నుంచి సోలార్ కరెంటు తీస్తున్నారు. అక్కడికి వెళ్ళి గొర్రెలు ఇప్పుడెక్కడ మేస్తున్నాయో మీరే అడగండి.

మన డిమాండ్లు ఇవి. ముందు టౌను మిద్దెల సర్వే జరగాలి. నేల కావాల్సివస్తే బీడు భూముల్లో, రైతు పేరు మారకుండా, కౌలుకే తీసుకోవాలి. సాగు చేసేవాళ్ళకు, మేపుకునేవాళ్ళకు, కూలీలకు పరిహారం ఇవ్వాలి. 2019 నాటి పీఎం కుసుమ్ కింద రైతులు కలిసి సొంత బీళ్ళలో 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టి డిస్కంకు కరెంటు అమ్ముకోవచ్చు. దానికి బ్యాంకు అప్పు ఇప్పించాలి.

సర్వేవాళ్ళు వచ్చాక ఉరుకులు పెడితే లాభం లేదు. ఏ సర్వే నంబరులో ఎవరు దున్నుతున్నారో, ఎవరి మంద మేస్తుందో, ఎవరి దగ్గర ఏ కాగితముందో ప్రతి ఊరి సంఘమూ ఈ నెలలోనే రాసిపెట్టాలి. ఆ పుస్తకం గ్రామసభ ముందు పెడదాం. అప్పుడు వాళ్ళ లెక్క పక్కన మన లెక్కా ఉంటుంది.